ముప్పైయా, యాభైయా

మా కోచింగ్ సెంటర్‌లో ల్యాబ్ అటెండర్ బాబాయ్ గురించి ఒక కథ తిరుగుతోంది. ఫిజిక్స్ లెక్చరర్‌గారిని చొక్కా పట్టుకుని ల్యాబ్‌లోకి లాక్కెళ్లి, గడియ పెట్టి, తప్పు ఒప్పుకునేదాకా వదల్లేదట. హాస్టల్ పిల్లలు చెప్పేటప్పుడు చొక్కా కాస్తా చెవి అవుతుంది. క్యాంటీన్ దగ్గరికి వచ్చేసరికి లెక్చరర్‌గారు ఏడ్చేస్తారు కూడా.

నేను కింద జిరాక్స్ కౌంటర్‌లో పనిచేస్తాను. పదో తరగతి మధ్యలో మానేసినదాన్ని, ఆ లెక్కలు నాకు రావు. కానీ ఆ రోజు కాపీలు ఇవ్వడానికి పైకి వెళ్లి చివరిదాకా అక్కడే ఉన్నాను. కళ్లముందు జరిగింది చెప్పగలను.

బాబాయ్ ఇరవై రెండేళ్ల కిందట బల్లలు తుడవడానికి చేరాడు. తుడుస్తూ తుడుస్తూ ప్రయోగాలు చూశాడు. పిల్లలు వదిలేసి వెళ్లిన పుస్తకాలు చదివాడు. ఎవరు ఏ లెక్క చెప్పినా "ఏదీ, చేసి చూపించు" అంటాడు కాబట్టి పిల్లలు డౌట్ల బాబాయ్ అని పేరు పెట్టారు. ఏ పరీక్ష ఆన్సర్ కీ వచ్చినా నా దగ్గర ఒక కాపీ తీయించుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ కూర్చుంటాడు.

ఈసారి గొడవ పదిహేడో ప్రశ్నతో వచ్చింది. నేల మీద పది కిలోల పెట్టె ఉంది. దాన్ని ముప్పై న్యూటన్ల బలంతో తోస్తున్నారు. ఘర్షణ గుణకం సగం. మరి ఘర్షణ బలం ఎంత? కీలో యాభై అని ఇచ్చారు. పొద్దున్నే లెక్చరర్‌గారు నాలుగొందల మంది ముందు మైకులో, "కీ కరెక్టే, ఎవరూ టైం వేస్ట్ చేసుకోవద్దు" అని చెప్పేశారు.

మా దగ్గరే చదివే దర్జీగారి అమ్మాయి ఆ ప్రశ్నకి ముప్పై పెట్టింది. అర్హత మార్కుకి ఆమెకి మూడు తక్కువయ్యాయి. ఆ ఒక్క ప్రశ్న దక్కితే నాలుగు మార్కులు వచ్చి గట్టెక్కుతుంది. లేకపోతే చదువు ఇంతటితో ఆపమని ఇంట్లో ముందే చెప్పారు. అభ్యంతరం పంపడానికి సాయంత్రం ఐదుదాకానే గడువు. దాంతోపాటు పాఠ్యపుస్తకం పేజీ జతచేసి, దాని మీద లెక్చరర్ సంతకం పెట్టించాలి. ఆమె బాబాయ్ దగ్గరికి పరిగెత్తింది. బాబాయ్ వరండాలోనే, అందరికీ వినపడేలా, "ముప్పైయే! ఇంకో మాట లేదు" అన్నాడు. ఆ మాట స్టాఫ్‌రూమ్‌కి చేరడానికి ఎంతసేపు?

నేను వెళ్లేసరికి ల్యాబ్‌లో ఆ అమ్మాయి, బాబాయ్, లెక్చరర్‌గారు ఉన్నారు. గడియారం మూడున్నర చూపిస్తోంది.

"సూత్రం తెలీదా బాబాయ్ నీకు? గుణకం ఇంటూ బరువు. పది కిలోలంటే వంద న్యూటన్లు, అందులో సగం యాభై. ఇందులో డౌటేముంది?" అంటున్నారు లెక్చరర్‌గారు.

"సూత్రం బానే ఉంది సార్. పెట్టె కదిలిందా?"

"కదలడం సంగతి ప్రశ్నలో లేదు."

"అక్కడే ఉంది మెలిక. కదిలించాలంటే యాభై దాటాలి. వీళ్లు తోసింది ముప్పై. మనం ముప్పైతో అటు తోస్తే, నేల యాభైతో ఇటు తోస్తే ఏమవుతుంది?"

లెక్చరర్‌గారు బల్ల మీద వేలితో పెట్టె బొమ్మ గీశారు.

"పెట్టె మన మీదకే వచ్చేస్తుంది సార్! అలాంటి పెట్టెలుంటే చెప్పండి. రోజూ ఈ బల్లలు జరపలేక చస్తున్నా. ఇలా వేలు పెడితే చాలు, వాటంతటవే నడిచొస్తాయి."

అమ్మాయి కిసుక్కున నవ్వింది. లెక్చరర్‌గారు ఒక్క చూపు చూసేసరికి తల దించుకుంది.

బాబాయ్ అల్మారాలోంచి చెక్క దిమ్మ తీసి, దాని కొక్కేనికి స్ప్రింగ్ త్రాసు తగిలించాడు. "పట్టండి సార్. మెల్లగా లాగండి."

ఏళ్ల తరబడి బోర్డు మీద ఆ బొమ్మే గీసిన మనిషి, చేత్తో పట్టుకోవడానికి కాస్త తటపటాయించారు. తర్వాత లాగారు. ముల్లు జరిగింది గానీ దిమ్మ కదల్లేదు.

"ఇప్పుడు ఘర్షణ ఎంత?"

"ఒకటి."

"ఇంకొంచెం లాగండి."

"రెండు... మూడు..." ఆయన గొంతు తగ్గిపోయింది. ఐదు దాటాక గానీ దిమ్మ ముందుకు రాలేదు.

"ఎంత లాగితే అంతే ఆపింది. తేలిపోయిందిగా సార్."

లెక్చరర్‌గారు ముల్లునే చూస్తూ, "నాలుగొందల మందికి చెప్పేశానయ్యా" అన్నారు.

"ఇంకోసారి చెబుదురుగాని. మైకు ఎక్కడికీ పోదుగా."

ఆయన పుస్తకం తెరిచి ఒక పేజీ వెతికి నా చేతికిచ్చారు. "రెండు కాపీలు తీసుకురామ్మా." తెచ్చాను. సంతకం పెట్టి, కింద పేరు పూర్తిగా రాశారు. నాలుగుంబావుకల్లా అమ్మాయి అభ్యంతరం పంపేసింది. మర్నాడు ఆయనే మైకులో ముప్పై అని చెప్పారు. రెండు వారాలకి ఫైనల్ కీ వచ్చింది. అందులోనూ ముప్పైయే. అమ్మాయి గట్టెక్కింది.

చొక్కా పట్టుకున్న కథ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. నిజానికి ఆ మధ్యాహ్నం లెక్చరర్‌గారిని ఎవరూ పిలవలేదు. ప్రశ్నపత్రం మడిచి జేబులో పెట్టుకుని, నా కౌంటర్ ముందు నుంచి ఒక్కరే మెట్లెక్కి ల్యాబ్‌కి వెళ్లారు.