కట్టెల కొట్టంలో తొక్కు జాడీ

మొన్న షాద్‌నగర్‌లో మా కోడలు బజారుకు వెళ్లి, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో గోలీలంతేసి టమాటలు తెచ్చింది. చెర్రీ టమాటలట, మన వైపు కొత్తగా వచ్చాయట, దుకాణంవాడు చెప్పాడట. నాకు ఒళ్లు మండింది. నేను పావడాలు కట్టుకుని తిరిగే రోజుల్లోనే, మోత్కూరు పక్కన మా ఊళ్లో మా అమ్మ ఈ కాయలను గంపలకొద్దీ పండించింది, పండించినందుకు పడరాని మాటలు పడింది. నా ఈడువాళ్లకు ఇలాంటి సంగతులు విప్పి చెప్పనక్కర్లేదు.

మాది మగ్గాల ఇల్లు. నూలుకు గంజి పెట్టగా మిగిలిన నీళ్లు పెరటి గోడ వెంట పారేవి. ఆ తడిలో అమ్మ ఎక్కడినుంచో తెచ్చిన విత్తనాలు చల్లితే, మొక్కలు గోడంతా పాకి, చలికాలానికి ఆకు కనబడకుండా కాశాయి. ఇరుగుపొరుగుకు పంచినా, పిల్లలం ఒడి నింపుకుని తిన్నా తరగని కాపు. అయినా ఆ కాయ మా వంటింటి గడప దాటడానికి వీల్లేదు. "మా అత్త వండలే, నేను వండలే, గిప్పుడు నువ్వు వండుతవా" అన్నది మా అవ్వ, అంటే బాపు తల్లి. బాపు మగ్గం గుంటలోకి దిగి, ఏమీ విననట్టు పడుగు దారాల మధ్య నాడె అటూ ఇటూ ఆడించుకున్నాడు. ఎంత సుఖమో ఆయనకు.

పారేయడానికి అమ్మకు మనసొప్పలేదు. కాయలను రెండుగా చీల్చి, ఉప్పు కలిపి, పాత చీర మీద ఎండబెట్టి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, వేయించిన మెంతులు చేర్చి రోట్లో దంచి, పెరట్లోనే మూడు రాళ్ల పొయ్యి మీద నూనె కాచి తొక్కు పెట్టింది. ఆ జాడీకి ఇంట్లో చోటు దొరక్క కట్టెల కొట్టంలో దాచింది. మేం అన్నం గిన్నెలు పట్టుకుని అక్కడికే వెళ్లి తినేవాళ్లం.

శివరాత్రి దాటాక మా మేనత్త సంబంధం ఖాయం చేసుకోవడానికి తిరుమలగిరి నుంచి అనుకున్నదానికి రెట్టింపు మంది వచ్చారు. కూరలు అడుగంటాయి. అవ్వ మామిడికాయ తొక్కు జాడీ తీస్తే పైనంతా బూజు. అప్పుడు అవ్వ తానే కట్టెల కొట్టంలోకి వెళ్లి, అమ్మ జాడీని కొంగుచాటున తెచ్చి వడ్డించింది.

వచ్చినవాళ్లు వేళ్లు నాకారు. పెళ్లికొడుకు తండ్రి మళ్లీ వేయించుకుని, "గీ తొక్కు ఎవరు పెట్టిన్రు వదినె" అని అడిగాడు. "ఇంకెవరు పెడ్తరు, నేనే పెట్టిన" అన్నది అవ్వ, రెప్ప కొట్టకుండా. అమ్మ తలుపు వెనక నీళ్ల చెంబుతో నిలబడి అంతా వింటోంది. అమ్మ పక్కనే ఉన్న నేను ఆగలేక, కాదు మా అమ్మ, అని నోరు తెరిచానో లేదో అమ్మ నా తొడ మెలిపెట్టి గిల్లింది. నొప్పికి కాదు, అవ్వ మీద చూపాల్సిన కోపం నా మీద చూపినందుకు ఏడ్చాను. సాయంత్రం చుట్టాల బండి కదలగానే జాడీ మళ్లీ కట్టెల కొట్టానికే పోయింది.

సంబంధం కుదిరింది. ఆ తర్వాత ఏటా పెట్టింది అమ్మ, మేనత్త అత్తగారింటికి పంపింది మాత్రం అవ్వ పేరున. అవ్వ పోయి ఇల్లు తన చేతికి వచ్చాకైనా చెప్పుకుంటుందనుకుంటే, ఎవరు మెచ్చుకున్నా "మా అత్తమ్మ చేతి తొక్కు" అనేది అమ్మ. వినలేక నేను లేచి వెళ్లిపోయేదాన్ని.

ఇప్పటి ఆడపిల్లలు కోడిగుడ్డు వేయించినా నేనే చేశానని నలుగురికీ చెబుతారు. నా ఈడువాళ్లు దానికి మూతి విరుస్తారు కానీ నాకు ముచ్చటేస్తుంది, అమ్మ ఒక్కసారైనా అలా గొప్పలు పోయి ఉంటే బాగుండేదనిపిస్తుంది. కాలం మారింది కదా, చెబితే వింటారనుకుని, పోయినేడు ఒక పెళ్లిలో తిరుమలగిరి చుట్టాలు అవ్వ తొక్కు తలచుకుంటుంటే, అది మా అమ్మ పెట్టిందని అందరి ముందూ చెప్పాను. "గప్పుడు నువ్వు చిన్నపిల్లవు, నీకేం ఎరుక" అని నవ్వారు. నాకు డెబ్బై దాటాయి, ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే.