నిదానంగా లేవడం నేర్పిన సుగుణమ్మ

రేకు చిట్లే చప్పుడు చాలా చిన్నది. పొద్దున ఏడింటికి మాత్రల పట్టీ మీద బొటనవేలు నొక్కినప్పుడు వచ్చే ఆ చప్పుడుతో నాకు సుగుణమ్మ సిస్టరు గుర్తుకొస్తుంది. తిరుపతిలోని ఒక ఆస్పత్రిలో, డాక్టరమ్మ చూసి పంపిన గుండె రోగులకు మందులు ఎలా వాడాలో చెప్పే బల్ల ఆమెది. నగరి నేతవారి బిడ్డ. పొట్టి మనిషి, గట్టి గొంతు. చిన్నా పెద్దా అందరినీ ‘నువ్వు’ అనేది. నాయన పోయాక నన్ను అలా పిలిచిన మొదటి మనిషి ఆమే.

మాది ఒకప్పుడు చంద్రగిరి వైపు పాళెగాళ్ల వంశం. భూములు తాత కాలంలో పోయాయి, మేడ నాయన కాలంలో పోయింది. నేను తిరుపతిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. మాకు మిగిలింది ఒక్కటే, మా ఊరి గంగమ్మ జాతరలో మొదటి పరివట్టం. పూజారి అమ్మవారి వస్త్రాన్ని మా ఇంటి పెద్ద తలకు చుట్టాకే ఊళ్లో పొంగళ్లు మొదలవుతాయి. అంతవరకు ఆ పెద్ద పచ్చి మంచినీళ్లు ముట్టడు. పిలుపు రాగానే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, పీట మీదనుంచి ఒక్క ఊపున లేచి నిలబడాలి. నాయన అలా లేచేవాడు, నేనూ అలాగే లేచేవాణ్ణి. అందుకే గుండె నీరసించిందనీ బీపీ ఎక్కువగా ఉందనీ తెలిసినప్పుడు నాకు భయం కంటే సిగ్గు ఎక్కువ వేసింది.

“నువ్వు మింగేవన్నీ సంచిలో ఏసుకోని రా సామీ” అని సుగుణమ్మ మొదటి రోజే చెప్పింది. తెచ్చాను. ఆమె సంచి బల్ల మీద కుమ్మరించి ఒక్కొక్క పట్టీ తిప్పి చూసింది.

“ఇంతేనా?”

“ఇంతే.”

మోకాళ్ల నొప్పికి అంగట్లో నేనే కొనుక్కునే మాత్రలు అప్పుడు నా చొక్కా జేబులో ఉన్నాయి. వాటి బలంతో నిటారుగా నడుస్తున్నానని ఒక నర్సు ముందు ఎలా ఒప్పుకోవడం?

ఆ ఏడు జాతర మండుటెండలో వచ్చింది. పొద్దున బీపీ మాత్ర, ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకుని, ఆ గుక్కెడు తప్ప మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా కూర్చున్నాను. పిలుపు వచ్చింది. ఒక్క ఊపున లేచాను. కళ్ల ముందు చీకటి కమ్మింది. తెలివి వచ్చేసరికి నేల మీద ఉన్నాను, పరివట్టం పూజారి చేతిలోనే ఉంది. వచ్చే ఏడు మా చిన్నాయన కొడుక్కి కడదామని ఊరి పెద్దలు అనుకోవడం పడుకునే విన్నాను.

నన్ను పడేసింది మాత్రలేనని తీర్మానించుకుని వాటిని మానేశాను. వారం తిరగకముందే పాదాలు వాచాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడలేదు. మా ఆవిడ ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లింది. కొన్నాళ్లు అక్కడే ఉంచారు. ఇంటికి పంపే రోజు మళ్లీ సుగుణమ్మ బల్ల ముందు కూర్చున్నాను.

“కిందపడితే వచ్చి మమ్మల్ని అడగాల. మాత్ర మీద అలిగేదేంది సామీ? అదేమన్నా మీ ఇంటి పాలేరా?”

నేను జేబులోని నొప్పి మాత్రలు తీసి బల్ల మీద పెట్టాను. ఆమె నవ్వలేదు.

“ఇయ్యి ఒంట్లో నీళ్లు నిలబెడతాయి, బీపీ పెంచతాయి, కిడ్నీలకు చేటు. మోకాలికి ఏం వాడాల్నో డాక్టరమ్మను అడుగుదాం. మేమిచ్చిన మాత్ర ఒకపూట మర్చిపోతే రెండు పూటలవీ కలిపి మింగొద్దు. బీపీ మాత్రకు పొడిదగ్గు పట్టుకుంటే దాసిపెట్టకుండా సెప్పు. పెదాలు, మొగం వాచినాయంటే ఆ నిమిషమే ఇక్కడికొచ్చేయ్. ఇంగ లేసేటప్పుడు కాళ్లు నేలకు ఆనించు, పిక్కలు ఆడించు, ఇరవై లెక్కబెట్టి అప్పుడు లెయ్.”

“మా ఇంట్లో అలా లేవరమ్మా.”

“దొరలు యాడన్నా గబుక్కున లేస్తారా సామీ? గబుక్కున లేసేది మా మాదిరి పనోళ్లు. దొర లేస్తావుంటే ఊరు కాసుకోని ఉండాల.”

పరివట్టం కట్టేదాకా నీళ్లు ముట్టకూడదన్న నియమం కూడా చెప్పాను.

“నీళ్లు తాగకూడదని గంగమ్మ సెప్పిందా? జనం ఆయమ్మకు అంబలి పోసేదే కడుపు సల్లగుండాలని. నీ కడుపు మాత్రం ఎండాల్నా?”

మరుసటి ఏడు జాతరకు ముందు డాక్టరమ్మను కలిసి, ఆ రోజు మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో, ఎన్ని నీళ్లు తాగవచ్చో అడిగి తెలుసుకున్నాను. ఈ ఒక్కసారి నాకే కట్టమని ఊరి పెద్దలను అడిగాను. జీవితంలో నేను ఒకరిని బతిమాలింది అదొక్కసారే. అందరూ చూస్తుండగా చెంబెత్తి, చెప్పిన కొలత తాగాను. పిలుపు వచ్చింది. పాదాలు నేలకు ఆనించాను. పిక్కలు ఆడించాను. మనసులో లెక్కబెట్టాను. డప్పులు ఆగిపోయాయి. ఊరంతా కాచుకుని చూసింది. ఇరవై దాకా వచ్చాక లేచాను, వీపు నిటారుగా.

“సూసినావా అబ్బా, దొరతనమంటే అదీ. ఎంత నిదానంగా లేసినాడో!” అని ఎవరో వెనక అన్నారు.

ఆ పరివట్టాన్ని మడిచి, అప్పటికి ఉద్యోగం విరమించి నగరి చేరిన సుగుణమ్మకు పంపాను. మా వంశంలో దాన్ని గడప దాటించినవాడు లేడు. ఫోను చేసింది.

“నేత బాగుండాది సామీ. పొద్దున మాత్ర ఏసుకున్నావా?”

ఆమె పోయి రెండేళ్లయింది. జాతరలో మొదటి పరివట్టం ఇప్పటికీ నాకే కడుతున్నారు. రోజూ మంచం అంచున కూర్చుని ఇరవై లెక్కబెడతాను. లేచి నిలబడినప్పుడు, మా పెద్దల్లో ఎవరికీ లేని ఠీవి నాకు ఉందనిపిస్తుంది. అది నగరి నుంచి వచ్చింది.