నారు లేని చేతులు

దయ్యం వేషం కట్టినందుకు దుర్గవ్వకు ఒక చీర వచ్చింది, ఒక పేరు వచ్చింది. చీర రెండు ఉతుకులకే వెలిసిపోయింది. పేరు మాత్రం ఇంకా వదల్లేదు. మా ఊళ్లో ఆమెను దుర్గవ్వ అనేవాళ్లు తగ్గిపోయి, "ఫోన్ల ముసల్ది" అనేవాళ్లు ఎక్కువయ్యారు. అనేటప్పుడు గొంతు తగ్గించి మరీ అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

నా పేరు వేణు. మేడిపల్లి దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం నాది. ఊళ్లోవాళ్ల ఫోన్లన్నీ ఎప్పుడో ఒకప్పుడు నా బల్ల మీదికి రావలసిందే. కాబట్టి ఎవరు ఏం చూసి నవ్వుతారో, ఏం చూసి జడుసుకుంటారో వాళ్ల ఇంట్లోవాళ్లకన్నా ముందు నాకే తెలుస్తుంది. ఇది కాక కొంత పొలం ఉంది. దాని పక్క పొలం మనీషాది. మనీషా భర్త శ్రీశైలం మస్కట్‌లో ఉంటాడు.

దుర్గవ్వకు గుంటెడు భూమి లేదు. చిన్నపిల్లగా ఉన్నప్పుడే నాట్లకు దిగింది. మొగుడు మొగిలి చనిపోయాక కొడుకును బురదలో నిలబడే పెంచింది. చుట్టుపక్కల ఊళ్లలో నాట్ల కాలం వచ్చిందంటే "దుర్గవ్వ గుంపు దొరికిందా" అని అడిగేవాళ్లు. నడుము వంచిందంటే ఒడ్డు తగిలేదాకా ఎత్తదు. వెనక్కి వెనక్కి నడుస్తూ, ఒక్కసారైనా తిరిగి చూడకుండా, పడుచుపిల్లలకంటే ముందే మడి దాటేది. ఇప్పుడు కొడుకు తిండి పెడుతున్నాడు, పింఛను వస్తోంది. అయినా నాట్లకు పిలుపు రాకపోతే ఆమెకు ముద్ద దిగదు. ఆ పిలుపే ఆమెకు ఊళ్లో ఉన్న మర్యాద.

దివాకర్‌ది కోరుట్ల. పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. ముహూర్తాలు లేని రోజుల్లో యూట్యూబ్ కోసం సినిమాలు తీస్తాడు. ఈసారి దయ్యం సినిమా అనుకున్నాడు. ముగ్గురు కుర్రాళ్లు మాయమవుతారు. వాళ్ల ఫోన్ పొలంలో దొరుకుతుంది. అందులో ఉన్న వీడియోనే సినిమా. కథ బాగానే ఉంది కానీ దయ్యమే కుదరలేదు. ఒకడికి కోరలు, గోళ్లు పెట్టి నిలబెడితే చూసినవాళ్లు పడీ పడీ నవ్వారట.

పోయిన యాసంగిలో, చలికాలపు నాట్లప్పుడు ఒక సాయంత్రం అతను మా ఒడ్డు దగ్గర బండి ఆపాడు. గుంపంతా కాళ్లు కడుక్కుంటోంది. దుర్గవ్వ ఒక్కతే మూలన మిగిలిన ముక్క నాటుతోంది. తల కనబడటం లేదు. నడుము రెండుగా మడిచినట్టుంది. చేతులు నీళ్లలో మునిగి లేస్తున్నాయి, మనిషి మాత్రం వెనక్కి నడుస్తూ నేరుగా అతని మీదికి వస్తోంది. దివాకర్ గబుక్కున పక్కకు జరిగాడు. భయపడ్డాడని నాకు తెలిసిపోయింది.

"అవ్వా, రేపు గిట్లనే నడుస్తవా? నారు లేకుంట," అని అడిగాడు.

"నారు లేకుంటే చేతులకేం పని కొడుకా?"

"ఉత్తగనే నీళ్లల్ల ముంచు."

దుర్గవ్వ ఆగకుండా నవ్వింది. పని చేస్తే కూలి ఇచ్చేవాళ్లను చూసింది కానీ, పని చేసినట్టు నటిస్తే చీర పెడతాననేవాణ్ణి అప్పుడే చూసింది. మనీషా మడి అప్పటికి దున్ని నీళ్లు పెట్టి ఉంది, నాటు పడలేదు. అందులోనే తీశారు. జుట్టు విప్పదీసి, ఒంటికి బురద పూశారు. అంతకుమించి వేషం లేదు. మనీషా అందరికీ చాయ్ పెట్టింది. ఆ రోజు అంతా తమాషాగానే గడిచింది.

సినిమా పేరు "దొరికిన ఫోన్". నేను దుకాణంలో ఒంటరిగా కూర్చుని చూశాను. పొద్దుగూకుతుండగా దూరాన ఎవరో నాటు వేస్తుంటారు. "గీ యాళల నాట్లేంది?" అని కుర్రాళ్లు నవ్వుతారు. "అవ్వా" అని పిలిస్తే పలకదు. ఫోన్ పక్కకు తిరిగి మళ్లీ అటు తిరిగేసరికి ఆ మనిషి కొంచెం దగ్గరికి వచ్చి ఉంటుంది. ఇంకోసారి తిరిగేసరికి ఇంకొంచెం. అప్పుడు ఒకడు చేతులు చూస్తాడు, వాటిలో నారు ఉండదు. ఉత్త చేతులు నీళ్లలో ముంచుతూ, ముఖం చూపించకుండా, వీపుతోనే మనల్ని చూస్తున్నట్టు వస్తూ ఉంటుంది. చివరకు ఫోన్ బురదలో పడుతుంది. పైన ఆ చేతులు కనబడతాయి. మునుగుతాయి, లేస్తాయి. అంతే, అయిపోతుంది.

దుర్గవ్వ అని తెలిసి కూడా లేచి దుకాణంలో ఇంకో లైటు వేశాను. ఆ మరునాడు దుకాణం కట్టేసి ఇంటికి పోతుంటే పొలంలో ఆడవాళ్లు వరుసగా వెనక్కి నడుస్తూ నాటుతున్నారు. ఒక్కొక్కరి పేరు నాకు తెలుసు. అయినా తొందరగా నడిచాను. నలుగురికి ధైర్యం చెప్పే నోరు నాది. ఆ రోజు కాళ్లు నోటి మాట వినలేదు.

పట్నం వాళ్లు ఆ నడక గ్రాఫిక్సా అని యూట్యూబ్‌లో అడిగారు. మా నాట్ల ఆడవాళ్లు మాత్రం "ఇది మన దుర్గవ్వ నడుమే" అని కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సిరిసిల్లలో మా మేనబావ మహేశ్ మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. ఆ మోతలో మాట వినబడక, బొమ్మ ఒక్కటే చూశారట. చూసినవాళ్లు ఆ వారమంతా మగ్గం వైపు వీపు పెట్టి నిలబడలేకపోయారని చెప్పాడు.

అసలు గొడవ గల్ఫ్ నుంచి వచ్చింది. ఎవరో సినిమా చివరి ముక్క కోసి వాట్సాప్‌లో పంపారు. పేరు లేదు, మొదలు లేదు. అక్కడున్న మగవాళ్లకు ఊరంటే రోజూ ఫోన్‌లో వచ్చే ఇలాంటి ముక్కలే. బిడ్డ మొదటి అడుగు అట్లానే చూశారు, తల్లి శవాన్ని అట్లానే చూశారు. వాటిని నమ్మినవాళ్లు దీన్ని మాత్రం ఎందుకు నమ్మరు? శ్రీశైలం ఆ వీడియోలో తన మోటరు డబ్బాను గుర్తుపట్టాడు. తన మడిని గుర్తుపట్టాడు. వెంటనే మనీషాకు ఫోన్ చేశాడు.

"మన పొలంల గదేందే? ఎవలది?"

మనీషా సినిమా అని చెప్పింది, ఒట్టేసింది. "సీన్మయితే పేర్లు పడయా?" అన్నాడు. అతని గదిలో ఉన్న మనవాళ్లందరూ చూశారు. వాళ్ల ఇళ్లకూ ఫోన్లు వచ్చాయి. వారం తిరగకముందే ఊళ్లో ఒక మాట పుట్టింది: ఉత్త చేతుల నాటు పడ్డ మడి పండదని తాతల కాలం నుంచీ ఉందట. ఏ తాత చెప్పాడో ఒక్కరూ చెప్పలేదు. అప్పటిదాకా ఉత్త చేతులతో నాటు వేసిన మొనగాడు ఎవడూ లేడు కూడా. అయినా అందరూ చిన్నప్పుడే విన్నామన్నారు.

మనీషా మడిలో వరి ఎర్రబడింది. నా పొలంలోనూ ఎర్రబడింది. జింకు చల్లాలని వ్యవసాయ ఆఫీసరు చెప్పాడు, నేను చల్లాను. మనీషా కూడా చల్లింది కానీ ఆలస్యమైంది. పంట సగమే వచ్చింది. అంతే, ఎండిన రోకలి లాంటి ఆ మాటకు చిగుళ్లు మొలిచాయి.

నేను దివాకర్‌ను పిలిపించాను. పాపం, వచ్చాడు. పంచాయతీ ముందు నిలబడి, షూటింగులో తీసిన వీడియో చూపించాడు. బురద కడుక్కుంటూ నవ్వుతున్న దుర్గవ్వను అందరూ చూశారు. నేను హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు నాట్లలో దుర్గవ్వ పక్కన నిలబడే లచ్చవ్వ లేచింది.

"సీన్మనే, ఒప్పుకున్నం. ఇన్ని ఊళ్లు తిరిగినవ్ గద. గామెనే ఎందుకు పట్టుకున్నవ్?"

దివాకర్‌కు అబద్ధం ఆడటం రాదు. "గామె నడుస్తుంటే నాకే బుగులైంది," అన్నాడు.

తల్లులు పిల్లలను దగ్గరికి లాక్కున్నారు. సినిమా తీసినవాడే భయపడ్డాడంటే ఇంకేం కావాలి? అరుగు చివర కూర్చున్న దుర్గవ్వ లేచి వెళ్లిపోయింది.

తర్వాత ఒకరోజు ఆమె నా దుకాణానికి వచ్చింది. సినిమా చూపించమంది. అప్పటిదాకా చూడలేదట. చూపించాను. ముఖం దగ్గరగా పెట్టి చూసింది. ఆ ఆకారం దగ్గరికి వస్తుంటే తన కొంగు తానే గట్టిగా పట్టుకుంది.

"నా ఈపు నేనెన్నడు సూడలే వేణూ. గిట్లుంటదా?" అంది. ఫోన్ నా వైపు తోసి, "నన్ను దీంట్లకెల్లి తీసెయ్యరాదు?" అని అడిగింది.

"ఈ ఒక్క ఫోన్ల తీసేస్త అవ్వా. మిగిలిన ఫోన్లల్ల ఎట్ల తీస్త?"

"దీంట్లనన్న తియ్యి," అంది. తీసేశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆమెకు కాదు, నాకు.

ఈ వానకాలం నాట్లకు ఆమెను ఎవరూ పిలవలేదు. గుంపు లచ్చవ్వ వెంట నడిచింది. మనీషా మడిలో నాటు వేసే రోజు నేను నా ఒడ్డు మీదే ఉన్నాను. మనీషా ఒక కర్ర పాతి దానికి ఫోన్ కట్టింది. వీడియో కాల్‌లో శ్రీశైలం చూస్తున్నాడు. తన కళ్ల ముందే నాటు పడాలని పట్టుపట్టాడు. అప్పుడు దుర్గవ్వ వచ్చింది. చీర పైకి చెక్కుకుని, పనికి తయారై వచ్చింది.

"నన్ను పిలువలేదేం బిడ్డా?" అని మనీషాను అడిగింది.

మనీషా తల వంచుకుంది. ఫోన్‌లోంచి శ్రీశైలం, "దిగనియ్యకు," అన్నాడు.

"ఈ మడి ఎండినా పండినా గామె చేతులే నాటినయ్. ఎట్ల వద్దంట?" అంది మనీషా.

శ్రీశైలం మెత్తబడ్డాడు. "సరే, దిగుమను. కని మొగం నాకు కనవడాలె. ఎనుకకు నడువద్దు. ముందటికి నడుసుకుంటనే నాటెయ్యిమను."

లచ్చవ్వే ఊరుకోలేకపోయింది. "ముందటికి నడుస్తే నారు తొక్కదా? నువ్వు రైతు బిడ్డవు కాదా కొడుకా?"

"నాకు ఎర్కలేదా? కని బుగులైతంది లచ్చవ్వా. కండ్లు మూస్తే గదే అస్తంది. గీడికెల్లి నేనేం చెయ్యాలె?" అన్నాడు శ్రీశైలం. ఏడుస్తున్నాడు. అతని మీద కూడా నాకు కోపం నిలవలేదు.

"గట్లనే కొడుకా," అంది దుర్గవ్వ.

నారు కట్ట తీసుకుని దిగింది. ఫోన్ వైపు తిరిగింది. నడుము వంచి, మెడ మాత్రం పైకి ఎత్తి, ముఖం కనబడేలా పెట్టుకుంది. నాటింది. అడుగు వేసింది. వేసిన అడుగు అప్పుడే నాటిన మొక్కల మీదే పడింది. పాదాన్ని సందులో పెట్టబోయి తూలింది. ఆ కాళ్లకు అటువైపు నడవడం తెలియదు. మళ్లీ నాటింది, మళ్లీ తొక్కింది. ఒక్కరూ ఆపలేదు. నేను కూడా ఆపలేదు.

కొంచెం దూరం వెళ్లాక ఆగి, వెనక్కి తిరిగి చూసుకుంది. బురదలోకి అణిగిపోయిన నారు ఆమె అడుగుల్లోనే ఉంది.

"సీన్మల నేను ఎవ్వల మడి ఖరాబ్ చెయ్యలే బిడ్డా," అంది మనీషాతో. "ఇగో, గిప్పుడు చేసిన."

మిగిలిన నారు కట్టను వేళ్లు నీళ్లలో ఉండేలా ఒడ్డు పక్కన పెట్టి, ఎక్కి వెళ్లిపోయింది. మనీషా "అవ్వా, అవ్వా" అని పిలుస్తూ ఒడ్డు మీద పరుగెత్తింది. ఆమె తిరిగి చూడలేదు.

లచ్చవ్వ కళ్లు తుడుచుకుని దిగింది, వెనకాలే గుంపూ దిగింది. పాడైన చోట మళ్లీ నాటడానికి నడుము వంచింది. తల కిందికి వాలింది. చేతులు మునిగి లేస్తున్నాయి. వెనక్కి నడుస్తూ ఫోన్ ఉన్న వైపే వస్తోంది.

"గామె ఎవలు?" ఫోన్‌లోంచి శ్రీశైలం అరిచాడు. "మనీషా, గామె ఎవలు? మొగం ఇటు తిప్పుమను!"

మడిలో ఉన్న ఆడవాళ్లందరూ నడుములెత్తి ఫోన్ వైపు చూశారు.