అరచేతి గీతలు కనిపించే గ్లాసు

పొట్లం చించి పొడిని నీళ్ళలో పోయగానే నిమ్మ వాసన వస్తుంది. అసలు నిమ్మకాయ వాసన కాదది; కొంచెం తీపి, కొంచెం మందు. ఈ ఉదయం మహబూబాబాద్‌లో మా ఆసుపత్రి వార్డులో ఆ వాసన తగలగానే విమల మేడం గుర్తొచ్చారు. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఎవరిని అడిగినా దయగల డాక్టరని చెబుతారు. ఆ మాట అబద్ధం కాదు గాని నాకు చాలదు. ఆమె మొండిమనిషి. నాకు పనికొచ్చింది ఆ మొండితనమే.

మేడం మత్తు డాక్టరు. నేనూ అదే చదివి ఆమె కింద చేరాను. అప్పట్లో మా దగ్గర ఒకటే నియమం: రేపు ఆపరేషనంటే ఈ రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ భయం నిజమైనదే. కానీ ఆపరేషన్లు అనుకున్న వేళకు జరగవు. పొద్దున్నే అన్నది మధ్యాహ్నమయ్యేది. పత్తి చేలల్లో పనిచేసి, ఉన్న బలం సగం అక్కడే వదిలి వచ్చిన ఆడవాళ్ళు నాలుక పిడచకట్టుకుపోయి బల్ల ఎక్కేవారు. అలా బల్ల ఎక్కిన ఒకామె చెయ్యి పట్టుకుని ఒకరోజు మేడం నాతో అన్నారు: "ఒక్కపొద్దులు దేవునికుంటరు పిల్లా. మనకెందుకుంటున్నరు?"

కొద్ది రోజులకే ఈ నిమ్మవాసన పొడి కలిపిన పానీయం ఇవ్వడం మొదలుపెట్టారు. ముందురోజు రాత్రి ఒకసారి, మత్తుకు రెండు గంటల ముందు మరోసారి. షుగరు ఉన్నవాళ్ళకు, కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యేవాళ్ళకు, అత్యవసరంగా వచ్చినవాళ్ళకు ఇవ్వలేదు. ఎక్కడ ఆగాలో ఆమెకు తెలుసు. పొడిలో ఉండేది ఒకదానికొకటి ముడిపడిన చక్కెర గొలుసులు. కొవ్వు లేదు, పీచు లేదు, నలగాల్సిన పలుకు లేదు. అందుకే జీర్ణాశయం దాన్ని దాదాపు నీళ్ళలాగే కిందికి వదిలేస్తుంది. చిన్నపేగులో ఆ గొలుసులు తెగి, గ్లూకోజై రక్తంలో కలుస్తాయి. ఇన్సులిన్ పెరుగుతుంది. పస్తున్నప్పుడు తన నిల్వలను, కండను కరిగించుకునే శరీరం తనకు తిండి అందిందని ఆ తొందర తగ్గించుకుంటుంది. మేడం ఇదంతా ఒక్క ముక్కలో చెప్పేవారు: "కడుపు ఖాళీగుండాలె. పాణం ఖాళీగుండొద్దు."

మా ఆసుపత్రి సర్జన్ గారికి ఇది మొదటినుంచీ ఇష్టం లేదు. ఆయనకు కావలసిన సాకు చాందీ ఆపరేషన్ రోజున దొరికింది. చాందీది నెల్లికుదురు దగ్గరి తండా. గర్భసంచిలో గడ్డలు. తోడుగా అత్త సక్రి వచ్చింది. నర్సు పొట్లాలిచ్చి నీళ్ళలో కలపమని చెప్పింది.

ఆపరేషన్‌కు తీసుకెళ్ళే ముందు మేడం ఎవరినీ "ఏమైనా తిన్నవా?" అని అడిగేవారు కాదు. అలా అడిగితే భయానికి అందరూ లేదనే అంటారు. "ఏం తాగినవ్? ఎవరు కలిపిన్రు?" అనేవారు. ఆరోజూ అలాగే అడిగారు.

సక్రి ముందుకొచ్చింది. "నేనే కలిపిన డాక్టరమ్మా. జొన్న జావల కలిపిన."

"జావలనా? నీళ్ళల కలపమన్నరు గద యాడీ?" తండాలో అమ్మను పిలిచే ఆ మాటే మేడం ఆమెకు వాడారు.

"ఉత్త నీళ్ళతోని ఏం బలమొస్తది? కోడలు కోతకు పోతాంది. నీ పొడి కలిపిన, నా జావ కలిపిన. ఇద్దరి మాట నిలవడ్డది."

మేడం నవ్వారు. ఆపరేషన్ మర్నాటికి వాయిదా వేశారు. సర్జన్ నవ్వలేదు. వరండాలో అందరి ముందే, "అందుకే చెప్పిన మేడం, నోరు కట్టేస్తే ఏ పరేషాన్ ఉండదు. ఇయ్యాల్టి నుంచి ఇది బంద్" అన్నారు.

"నోరు కడితే తాగుడు ఆగదు సార్, చెప్పుడు ఆగుతది. దాస్కొని తాగి మన బల్ల మీదికొస్తరు. అప్పుడు మీకెవరు చెప్తరు?"

"ఏమన్నా అయితే ఎవరిది బాధ్యత?"

"మత్తు నాది. బాధ్యత నాది. బంద్ కాదు."

అదే సాయంత్రం ఇంటి నుంచి రెండు గాజు గ్లాసులు తెచ్చారు. ఒకదాన్లో సక్రి జావ పోశారు, ఇంకోదాన్లో పానీయం కలిపారు. రెండింటి వెనకా అరచెయ్యి పెట్టి చూపించారు. "చూడు యాడీ. జావ మంచిదే, గని కడుపుల కూసుంటది. గిది కూసోదు, దిగిపోతది. చేతి గీతలు కనవడితేనే రేపు ఇయ్యి." సక్రి తన చెయ్యి కూడా పెట్టి చూసుకుంది. "గిట్ల ముందే చూపెడితే అయిపోవు గద!" అని గదమాయించింది. "తప్పు నాదే" అని మేడం ఒప్పుకున్నారు. మర్నాడు చాందీ ఆపరేషన్ బాగా జరిగింది. అప్పటినుంచి ఆ గాజు గ్లాసులు వార్డులోనే ఉన్నాయి.

మేడం సొంత ఊరు మొగుళ్లపల్లి, మాట కూడా అక్కడిదే. నగరంలో ఒక డాక్టర్ల సభలో ఆమె ఆ మాటలోనే ప్రసంగిస్తుంటే వెనక వరుసలో ఎవరో ముసిముసిగా నవ్వారు. ఆమె ఆగారు. "నవ్వుడైనంక చెప్తా, జర నిమ్మలంగ నవ్వున్రి" అని నీళ్ళు తాగారు. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు.

ఆమెకే ఆపరేషన్ అవసరమైనప్పుడు జనగామలో ఒక ఆసుపత్రిలో చేరారు; తోడుగా నేను వెళ్ళాను. అక్కడి నర్సు నీళ్ళు కూడా వద్దంది. మేడం మత్తు డాక్టరును పిలిపించి, మంచం మీద కూర్చునే వాదించి ఒప్పించారు. నేను కలిపిచ్చిన గ్లాసు వెనక చెయ్యి పెట్టారు. ఆ చెయ్యి చాలా సన్నబడింది.

"కనవడ్తున్నయా పిల్లా?"

"కనిపిస్తున్నాయి మేడం."

"అయితే తాగుత."

ఆపరేషన్ బాగానే అయింది. జబ్బే మళ్ళీ వచ్చింది.

ఆమె పోయాక సర్జన్ గారు మళ్ళీ మొదలుపెట్టారు. "ఆమె లేరు కదా, ఇక ఆపేద్దాం" అని మొన్న అన్నారు.  ఈ ఉదయం నేను పొడి కలుపుతుండగా ఆయన వార్డులోకి వచ్చి మంచం దగ్గర నిలబడ్డారు.

"చెప్పిన గద?"

"విన్నాను సార్. మత్తు నాది, బాధ్యత నాది."

  ఆపరేషన్ కోసం మంచం మీదున్న డోర్నకల్ ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నేను గ్లాసు ఆమె ముందు పట్టుకుని వెనక అరచెయ్యి పెట్టాను.

"ఏం కనిపిస్తుందక్కా?"

"నీ చేతి గీతలు."

"తాగు."

ఆయన అక్కడే నిలబడి ఉన్నారు. ఆమె అడుగు దాకా తాగి, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చింది.