అక్క ఉతికిన లైఫ్ జాకెట్టు

నా చదువు పదో తరగతితో ఆగింది గానీ చదవడం ఆగలేదు. ఆకివీడులో చేపలు దింపేసిన రోజున లైబ్రరీలో కూర్చుని, చేతికి దొరికిన పుస్తకమల్లా చదివేవాణ్ణి. పడవ మీద వేటాడేవాళ్ల భద్రత గురించిన పుస్తకం అలాగే దొరికింది. చన్నీళ్లలో పడ్డవాడు ముందు ఊపిరి ఎగబీలుస్తాడనీ, ఆ గుక్కతోనే నీళ్లు మింగుతాడనీ, తర్వాత చేతులు మాట వినవనీ అందులో ఉంది. కొల్లేటి నీళ్లు మంచుగడ్డలేమీ కావు. అయినా ధనుర్మాసం తెల్లవారుజామున, స్వెట్టరూ లుంగీతో పడితే ఎలా ఉంటుందో ఊహించుకోగలను. మా లంకలో ఈత రానివాడు లేడు. ఆ ధీమాతోనే ఎవరూ జాగ్రత్తపడరు.

మా అక్క మొగుడూ నేనూ ఒకే పడవ మీద వేటకు వెళ్లేవాళ్లం. ఏలూరు వెళ్లి రెండు లైఫ్ జాకెట్లు కొనుక్కొచ్చాను. బావగారు తనది చుట్టి పిర్రల కింద పెట్టుకున్నారు.

"మెత్తగా ఉందిరా, లైబ్రరీ బావమరిదీ. చేపలెక్కడున్నాయో కూడా ఆ పుస్తకంలో ఉందేమో చూడకపోయావా?"

"మీరు నవ్వండి బావగారూ. నేను మాత్రం కట్టుకుంటాను."

అక్క నవ్వలేదు. పుస్తకం ఇంటికి తెచ్చి ఆ పేజీ ఆమెకు చదివి వినిపించాను. నీళ్లలో పడితే కొట్టుకోకూడదు, వెల్లకిలా పడుకోవాలి, మిగతాది జాకెట్టే చూసుకుంటుంది. చేపలు శుభ్రం చేస్తున్న చెయ్యి ఆపి అడిగింది: "తల నీళ్లపైనే ఉంటుందా తమ్ముడూ?"

"పైనే ఉంటుందే."

"అయితే మర్చిపోకుండా కట్టుకో."

పడవ అక్కావాళ్ల పెరటి రేవులోనే ఉండేది కాబట్టి, జాకెట్టును వాళ్ల వసారాలో మేకుకు తగిలించి వెళ్లేవాణ్ణి. ఒకరోజు చూస్తే అది శుభ్రంగా ఉంది. నీచు కంపు కొడుతోందని ఉతికానంది అక్క. కాస్త బరువుగా తోచింది. మంచు రోజులు, ఇంకా ఆరలేదేమో అనుకున్నాను. ఆ వారమే బావగారి వలకు కొత్త బెండ్లు వచ్చాయి. తెల్లగా, తేలిగ్గా, వల పైతాడును నీటి మీద చక్కగా నిలబెట్టాయి.

"భలే తేలుతున్నాయండీ, ఎక్కడివి?" అన్నాను.

"దొరికాయిలే," అన్నారాయన.

ఉప్పుటేరు మొగ దగ్గర లోతెక్కువ. ఆ పొద్దున పొగమంచులో, అక్కడే వల ఏదో మోడుకు పట్టేసింది. నేను లేచి లాగాను. అది ఒక్కసారిగా ఊడి వచ్చింది. వెనక్కి పడ్డాను.

పుస్తకంలో రాసినట్టే ఊపిరి ఎగబీల్చాను. భయపడలేదు. నిజం చెప్పాలంటే, చదివింది పనికొచ్చే రోజు వచ్చిందన్న గర్వం కూడా కలిగింది. చేతులు చాపి వెల్లకిలా పడుకున్నాను. జాకెట్టు కాసేపు ఆపి, తర్వాత తడిసిన బొంతలా ఛాతీకి అంటుకుని కిందికి లాగింది. నీళ్లు కళ్ల మీదుగా మూసుకున్నాయి. ఇంకా కదలకుండానే ఉన్నాను. పేజీలో అలాగే రాసి ఉంది మరి.

చివరికి కాళ్లు తన్నుకుంటూ పైకి వచ్చేసరికి చేతికి వల పైతాడు తగిలింది. దాన్ని పట్టుకుని వేలాడాను. బావగారు గెడ అందించి పడవలోకి లాగారు.

దగ్గుతూ జాకెట్టు విప్పాను. పక్క కుట్టు విచ్చుకుని ఉంది. అందులోంచి తెల్లటి ఫోమ్ రాలేదు. నిజంగానే బొంత ముక్కలు వచ్చాయి, ముద్దలు ముద్దలుగా. ఆకుపచ్చ చీర అంచున్న బొంత. చిన్నప్పుడు అక్కా నేనూ కప్పుకున్నదే.

వల వైపు చూశాను. తెల్లటి బెండ్లు వరసగా తేలుతున్నాయి.

"ఇదేంటండీ బావగారూ?"

"ఏముందిరా! ఆ బెండ్లు పట్టుకునేగా బతికావు? అంటే నిన్ను కాపాడింది నీ జాకెట్టే," అని నవ్వారాయన.

ఆయన ఆ పుస్తకాన్ని ఏనాడూ నమ్మలేదు. నమ్మనివాడి కత్తి నా జాకెట్టును కోసినందుకు నేనంతగా బాధపడలేదు. ఆ కుట్టు మాత్రం ఆయనది కాదు.

రేవులో అక్క వేడినీళ్లతో ఎదురొచ్చింది. జాకెట్టు చూసి నిలబడిపోయింది.

"నీకు ఈతొచ్చు కదరా. తన జాకెట్టు ఫోమ్ బెండ్లకు చాలలేదని నీదీ కోశారు మీ బావ. 'వాడికది సరదా, వేసుకుంటే చాలు' అన్నారు. చెబితే బాధపడతావని తేడా తెలీకుండా కుట్టాను."

"తల పైనే ఉంటుందా అని నువ్వేగా అడిగావు."

కుట్టిన తర్వాత కూడా అక్క ఎన్నో పొద్దుటిపూటలు నేను ఆ తాళ్లు బిగించుకుంటుంటే వసారాలో నిలబడి చూసింది. ఒక్కోసారి తనే ముడి సరిచేసింది.

మళ్లీ జాకెట్టు కొనుక్కున్నాను. వేట ఆ పడవ మీదే, ఆయనతోనే. వేరే పడవ లేదు నాకు. ఎక్కేముందు రేవులో నిలబడి జాకెట్టును అంగుళం అంగుళం నొక్కి చూస్తాను. బావగారు అటు తిరుగుతారు.

మొన్న వేట నుంచి వచ్చాక అక్క మెల్లగా అంది: "రోజూ మోసుకెళ్లడమెందుకు తమ్ముడూ, మేకు ఖాళీగానే ఉంది కదా."

తడి జాకెట్టు భుజాన వేసుకుని మా ఇంటికి నడిచాను.