గుహ ముందు రెండు రాళ్లు

మా డ్రిల్లు సారు పోయారని మంగళవారం పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. నేను దేవుని దగ్గర దీపం పెడుతున్నాను. రెండో వత్తి వెలిగించనే లేదు. తుంటి విరిగి నెల రోజులుగా మంచం మీదున్న మనిషి. ఛాతీలో నిమ్ము చేరిందని డాక్టర్లు ముందే చెప్పారు. ఆయన ఎలా పడ్డారో చాలామందికి తెలుసు. ఎందుకు పడ్డారో చెప్పవలసింది నేనే.

నిర్మల్ దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆయన మాకు ఆటలు నేర్పారు. మెడలో విజిలే గాని, చేతిలో ఎన్నడూ బెత్తం చూడలేదు. రోజూ మైదానంలో హాజరు తీసుకునేవారు. ఒకనాడు బడికి రాని దోస్తు పేరుకు నేను "ఉన్న సార్" అన్నాను. ఆయన కొట్టలేదు. పక్కకు పిలిచి, "నీ పేరుకు నువ్వు పలుకాలె బిడ్డా. దాని పేరుకు నువ్వు పలికితె, అది బాయిల పడ్డా మాకు ఎరుకైతదా?" అన్నారు.

ఆయన మొదటి ఉద్యోగం జైనూర్ వైపు కొండల్లో. ఆ కొండల్లో ఆయనకు తెలియని బాట లేదు. రిటైరయ్యాక కూడా అడిగిన పాత విద్యార్థులను వెంట తీసుకుపోయేవారు. దారిలో పల్లీలు, బెల్లం అందరికీ పంచి, మిగిలితే తాను తినేవారు. మేం కూర్చోబోయే బండను తన రుమాలుతో దులిపేవారు.

ఈ ఏడు వానలకు ముందు ఒక శని, ఆదివారాలు, పదో తరగతిలో కలిసి చదివిన దోస్తులం ఆరుగురం ఆయన వెంట అక్కడి గుహ చూడటానికి పోయాం. లోపల అమ్మవారు ఉందని విని ఎక్కువ బతిమాలింది నేనే. శనివారం కొండ కింది గూడెంలో ఆయనకు తెలిసిన పెద్దమనిషి ఇంట్లో ఉన్నాం.

తెల్లారి కొండ ఎక్కుతుంటే, నర్సుగా పనిచేసే మా దోస్తు నన్ను ఆటపట్టించింది. "గీమె గుడిల గంట గూడ రెండుసార్లు కొడుతది సారూ. ఒకటి మస్కట్ దాకా వినవడాలెనట!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని చిన్నబోయాను. మస్కట్‌లో పనిచేసే మా ఆయన ఇంటికి వచ్చిపోయి మూడేళ్లయింది. ఎక్కడికి వెళ్లినా ఆయన వంతు దండం కూడా నేనే పెడతాను.

ఆ గుహ దగ్గర గూడెం వాళ్లకొక పద్ధతి ఉంది. లోపలికి పోయేవాళ్లు తలా ఒక రాయి ముందర పెట్టాలి. బయటికి వచ్చాక ఎవరిది వాళ్లే తీసెయ్యాలి. ఒకరి రాయి ఇంకొకరు ముట్టరాదు. రాయి మిగిలితే మనిషి లోపల ఉన్నట్టు.

"తలకాయలు లెక్కవెడితె తప్పుతది, అటిటు తిరుగుతయి. రాళ్లు తిరుగయి," అని సారు తన రాయి పెట్టి, టార్చి పట్టుకుని ముందు నడిచారు. నేను అందరికన్నా వెనక ఉన్నాను. ఎవరూ చూడకుండా రెండు రాళ్లు పెట్టాను.

లోపల నడుము వంచి నడవాలి. గబ్బిలాల వాసన, కాళ్ల కింద తడి. ఎడమకు ఒక దారి కిందికి దిగుతుంది. "అటు పోకుండ్రి, జారుడున్నది," అని మూడుసార్లు చెప్పారు. అమ్మవారి ముందు టార్చి ఆర్పి, "జర సేపు ఎవ్వలు మాట్లాడకుండ్రి," అన్నారు. నీటిచుక్కలు పడుతున్న చప్పుడు వింటూ చేతులు జోడించి నిలబడ్డాను.

బయటికి వచ్చి నా రాయి తీశాను. మా ఆయనది వదిలేశాను. ఒకరిది ఒకరు ముట్టరాదు కదా, అమ్మ నీడలో ఉండనీ అనుకున్నాను. కాళ్లు కడుక్కోవడానికి దోస్తులందరం కింది వాగులోకి దిగాం. సారు గుహలోంచి చివరన బయటికి వచ్చారు.

పైనుంచి కేక వినిపించింది. "ఒక రాయి మిగిలింది! ఎవరే లోపలున్నది?"

"అందరం ఈడనే ఉన్నం సారూ!" అంది నర్సు దోస్తు.

"అందరి పేరుకు నువ్వొక్కదానివి పలికితె కాదు. రాయెవలది?"

నాదేనన్న మాట నోటిదాకా వచ్చింది. మళ్లీ నవ్వుతారని తల వంచుకుని పాదాలు రుద్దుకున్నాను. తల ఎత్తేసరికి గుహ ముందు ఆయన లేరు. పరుగెత్తాను. లోపల ఆయన మా పేర్లు ఒక్కొక్కటే పిలుస్తున్నారు, మైదానంలో హాజరు తీసుకున్నట్టే. నా పేరు వచ్చింది. "ఉన్న సార్!" అని అరిచాను. ఆ తర్వాతి పేరు సగంలో ఆగిపోయింది.

గూడెం వాళ్లు ఆయనను ఎడమ దారి కిందినుంచి మోసుకొచ్చారు.

పది రోజులకు ఆయన మంచం పక్కన కూర్చుని జరిగింది చెప్పాను.

"రాయి వెట్టుడు తప్పు కాదు బిడ్డా. అడిగినప్పుడు పలుకకపోతివి," అన్నారు.

ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. కాసేపటికి, "అన్నం తిన్నవా?" అని అడిగారు.

నా దోస్తులకు ఈ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు. నా పేరుకు నేను పలకడం ఇదిగో, ఇప్పుడు.

దినాలకు గూడెం పెద్దమనిషి వచ్చాడు. వెళ్తూ వెళ్తూ నన్ను పక్కకు పిలిచాడు. "గుహ కాడ రెండు రాళ్లున్నయమ్మా. రెండోసారి పోయేటప్పుడు గూడ సారు తన రాయి వెట్టే పోయిండు. మోసుకచ్చినంక ఎవ్వలకు యాదికి రాలే. మేమైతె ముట్టం."

మొన్నటి వానకు రెండింటి చుట్టూ గడ్డి మొలిచిందట.