రాజు ఎవరో చెప్పమంది అమ్మ

మా చిన్నప్పుడు ఆడపిల్ల బడి పుస్తకాలు పక్కన పెట్టి ఇంకేదైనా రాస్తోందంటే... అది ప్రేమ ఉత్తరమే. ఇంకోటి అయ్యే వీలే లేదు.

గురజాల దగ్గర మా ఊళ్ళో నేను తొమ్మిది చదువుతున్న రోజులు. అమ్మ వసారాలో ఎండుమిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. పక్కింటి రత్తమ్మత్త వచ్చి అమ్మ చెవిలో ఏదో ఊదింది. నేను ఒక కాగితం మడిచి బియ్యం డబ్బాలో దాచడం ఆవిడ రెండుసార్లు చూసిందట!

అమ్మ లేచి వెళ్ళి డబ్బాలో చెయ్యి పెట్టింది. చదివింది ఐదో తరగతే... వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

"రాజూ, రేపు నువ్వు బస్టాండుకు రాకపోతే నేను బతకను."

చదివి నావైపు తిరిగింది. "ఎవుడే ఈ రాజుగాడు?"

"కథమ్మా... రాజు ఆ పిల్లకు అన్న. అలిగి ఇంట్లోంచి వెళ్ళిపోయాడు."

"అన్నకు ఎవరన్నా ఇట్టా రాస్తారటే?" అంది రత్తమ్మత్త.

అమ్మ కాగితం నా చేతిలో పెట్టింది. "కథయితే తర్వాత ఏమైందో ఉండాలిగా? రేపు పొద్దుగూకేలోపు రాసి చదివి వినిపించు. లేకపోతే మీ నాన్నకు చెప్తా. బడి మాన్పిస్తాడు."

తర్వాత ఏమైందో నాకూ తెలీదు మరి... రాసింది ఆ ఒక్క వాక్యమే! ఇష్టమై, దాన్నే మళ్ళీ మళ్ళీ దిద్దుకుంటున్నాను.

మర్నాడు భయంతో ఒక పేజీ రాశాను. అమ్మ తొడిమలు తీస్తూ వింది. ఒక్క ముక్క నమ్మలేదు.

"మాచర్ల బస్సు ఆ టయానికి ఏడుందే? అబద్ధం. నువ్వేందో దాస్తన్నావ్."

బస్టాండుకు పోయి కండక్టర్ని అడిగి వచ్చి దిద్దాను. ఆ మర్నాడు... "అంత ఆడపిల్ల ఒక్కతే పోతంటే వాళ్ళమ్మ ఏం చేస్తంది? నిద్దరపోతందా?" ఆ ప్రశ్నకు ఇంకో పేజీ. మధ్యలో ఉన్నట్టుండి... "మీ క్లాసులో రాజులు ఎంతమందే?"

ఇద్దరున్నారు. లేరన్నాను.

ఒకరోజు జ్వరం వచ్చి రాయలేదు. సాయంత్రం అమ్మ మంచం మీద కూర్చుని నా నుదురు పట్టి చూసింది. "ఇంతకీ వాడు ఇంటికొచ్చాడా?" అంది. నిజంగా అడుగుతోందో, నన్ను పట్టుకోవడానికి అడుగుతోందో అర్థం కాలేదు...

నాలుగు రోజుల తర్వాత రాజును ఇంటికి తెచ్చేశాను. చదవడం అయిపోయింది. అమ్మ చేతిలో మిరపకాయ అలాగే ఉంది.

అప్పుడు అమ్మ కళ్ళు చిన్నవి చేసి... "నిజం చెప్పు. ఇది నువ్వే రాశావా, ఏ వారపత్రికలోనో చూసి దించావా?"

ఉత్తరమని అనుమానించినప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. "నేనే రాశా!" అని అరిచాను.

"అయితే ఇంకోటి రాయి. నా ముందు కూచుని రాయి. చూస్తాగా."

అలా రోజూ గంటసేపు, అమ్మ కళ్ళెదుట... పదో తరగతి అయ్యేసరికి మూడు లాంగ్ నోట్సులు నిండాయి.

ఇప్పుడు నరసరావుపేటలో ఉంటున్నాను. కథల పుస్తకాలు రెండు వచ్చాయి. పిల్లలు కాలేజీకి వెళ్ళాక రోజూ అదే గంట రాస్తాను. "ఇన్‌స్పిరేషన్ ఎక్కణ్ణుంచి వస్తుందండీ?" అని అడుగుతుంటారు. మా అమ్మ నన్ను నమ్మకపోవడం వల్ల, అంటే నవ్వుతారు.

ఇక్కడ గ్రూపులో కథ పెడితే నిమిషంలో "సూపర్ అండీ" అని వచ్చేస్తుంది... చివరిదాకా చదివారో లేదో నాకే అనుమానం. పక్కన కూర్చుని, ప్రతి మాటకూ ఆపి, నిలదీసే తీరిక ఈ రోజుల్లో ఎవరికుంది...

మీరు దాచుకున్న మొదటి కాగితం ఎవరి చేతికి చిక్కింది? ఏమన్నారు? నిజమే చెప్పండి...